నిట్టూర్పుగొడుగు

దాని ముందు ఊపిరి వదలకూడదు.
పాఠమంతా ఇంతే.
తక్కిందంతా అంకెలు లెక్కపెట్టడమే.

హుర్వెన్ మంచుకొండ కింద
ఉప్పు తవ్వి వదిలేసిన సొరంగాల్లో
పాలిపోయిన గోరు రంగులో, బొటనవేలంత ఎత్తున
తల వంచుకుని నిలబడి ఉంటాయవి,
చెయ్యని తప్పు ఒప్పుకున్నవాళ్లలా.
వెచ్చటి గాలి సోకితే చాలు,
టోపీ పగిలి ఒక చిన్న నిట్టూర్పు.
చప్పుడు కూడా సరిగ్గా వినిపించదు.

మా గురువు ఒద్వార్నా ఒక్క ఊపిరి మీద
నూట అరవై దాకా లెక్కపెట్టేది.
నేను నూట ఇరవై ఎనిమిది.
ఎముక కత్తితో కాడ మొదట్లో కోసి
మైనం పూసిన సంచిలో పడుకోబెట్టి
వెనక్కి పదకొండు అడుగులు.
తొందరపడితే, "తొందర కూడా ఊపిరే" అనేది.

కొనేవాళ్లకి ఇవేవీ పట్టవు.
రేవులో కోతవైద్యుడు బ్రెన్‌హోల్త్
గింజెత్తు పొడి పుల్లటి బీరులో కలిపి తాగిస్తాడు:
దీపంలో చమురు అయిపోయేదాకా
రోగికి తన కాలు తనది కాదు.
కాడల్ని ఎండబెట్టి పేనితే
గని గాలికి ఆరని వత్తులు.
బూడిద కుమ్మరుల వాడకి పోతుంది;
సంతలో మీరు గంటసేపు బేరమాడే
నీలం గిన్నెల నిగనిగ అదే.
పిల్లలు వాటిలో పాలు తాగుతారు, ఏమీ కాదు.
కాలాక దానికి కోపముండదు.
ఏడాదికోసారి కోట నుంచి ఒక మనిషి వస్తాడు.
చేతితొడుగులు విప్పడు, ధర అడగడు.
మేమూ ఏమీ అడగం.
ఆ చలికాలం రాజుగారికి ఒక బాబాయి తగ్గుతాడు.

పీల్చినవాడు చచ్చిపోడు.
దాని అసలు దుర్మార్గం అదే.
తింటాడు, నవ్వుతాడు, తనకి రావలసిన అప్పులు మర్చిపోడు.
ఊపిరి మాత్రం తనంతట తాను రావడం మానేస్తుంది.
ప్రతిదాన్నీ తలుచుకుని లాగాలి,
లోతు బావిలోంచి చేదతో తోడినట్టు.
కన్ను మూతపడితే తోడేవాడుండడు.

తస్కిల్‌కి అలా అయింది.
నూట నలభై లెక్కపెట్టేవాడు, నా తోటివాడు.
తుమ్మొచ్చింది.
ఇంత చిన్న సంగతి.

మైనంవీధి అంతా వంతులేసుకుంది.
రాత్రికి ఇద్దరు, మంచానికి అటొకరు ఇటొకరు,
పెద్దగా పీల్చి, పెద్దగా వదులుతూ,
వాడు వెంట నడవడానికి వీలుగా,
ఒకే పడవకి తెడ్లు వేసేవాళ్లలా.
రొట్టెలావిడ చేతుల పిండితోనే వచ్చి కూచుంది.
సుంకాలవాడు వచ్చాడు, ఏం చెయ్యాలో తెలీక
టోపీ ఒళ్లో పెట్టుకుని తెల్లారేదాకా ఊపిరి తీశాడు.
తొమ్మిదో రాత్రి తస్కిల్ అన్నాడు:
"మీ అందరి నోటి కంపూ నాకిప్పుడు పేరుపేరునా తెలుసు."

పన్నెండో రాత్రి మంచు కురిసింది.
పొయ్యి బాగా రాజుకుంది.
వంతు ముసలి గ్రుందెల్‌దీ, నాదీ.
ముందు కునుకు పట్టింది గ్రుందెల్‌కేనని
చాలా ఏళ్లు చెప్పాను.

మర్నాడు కాదు, ఆ మర్నాడు సొరంగంలోకి దిగాను.
ఓడ మీది కుర్రాడికి చెయ్యి తియ్యాలి,
పొడి నిండుకుందని బ్రెన్‌హోల్త్ కబురు.
ఆ రోజు నూట నలభై ఒకటి దాకా వెళ్లాను.
పందెం కాదు.
వదలబుద్ధి కాలేదు.

మా వీధికి కొత్తగా వచ్చినవాళ్లు
మొదటి రాత్రి నిద్రపోలేరు,
ఇన్ని ఇళ్ల గురకలు గోడలు దాటి వస్తుంటే.
పొద్దున్నే నవ్వబోతారు.
ఎదురింటివాళ్లు కిటికీ మూసేస్తారు.
ఇక్కడ పుట్టిన పిల్లలకి గురక పెట్టడం
పెద్దలకి దణ్ణం పెట్టడం లాంటి మర్యాద.

నేను మాత్రం చప్పుడు లేకుండా పడుకుంటాను.
వృత్తి అలవాటు.
పక్కగదిలో నా శిష్యురాలు ఎస్కి,
ఇంకా తొంభై రెండు దగ్గరే ఉంది పిచ్చిపిల్ల,
అర్ధరాత్రి లేచి గోడ మీద కొడుతుంది.
వెంటనే బదులివ్వను.
రెండోసారి కొట్టాక
నేనూ కొడతాను.